మగ్గం గుంటలో ఆరు గొట్టాలు

"నేను అబద్ధం చెప్పలేదు సార్!"

ఏడుపు ఆపుకుంటూ తనూజ మెట్లెక్కి వచ్చేసరికి, హిందూపురం స్టేషన్ రోడ్డులోని ఆ చిన్న ఆఫీసులో డిటెక్టివ్ రఘునాథ్, అతని అసిస్టెంటు వైష్ణవి ఊరిబిండి పచ్చడితో ఇడ్లీ తింటున్నారు. వైష్ణవికి పెళ్లయి పదహారు రోజులు. టిఫిన్ బాక్సు కట్టిచ్చింది భర్తే. మూతలో మడిచిపెట్టిన చీటీని ఆమె అప్పటికే మూడుసార్లు చదివింది. తనూజ మొహం చూడగానే చీటీ దాచేసి కుర్చీ జరిపింది.

తనూజ ఊళ్లోని కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఆమె పెంచే బ్యాక్టీరియాకు ఒక గుణం ఉంది. రేడియేషన్ తగిలి లోపల దెబ్బతింటే, దాన్ని బాగుచేసుకుంటూ ఒక ఆకుపచ్చ పదార్థాన్ని కూడా తయారుచేస్తాయి. నీలం టార్చి వేస్తే మెరుస్తాయి. దెబ్బ ఎంత ఎక్కువైతే అంత మెరుపు. అవి నింపిన కొన్ని గాజు గొట్టాలకు ల్యాబ్‌లో రేడియేషన్ ఇచ్చింది. పోల్చి చూడడానికి మరో ఆరింటిని సీలు వేసి, ఒక పెట్టెలో పెట్టి, ధర్మవరంలో తన ఇంట్లో నెలరోజులు ఉంచింది.

"అవి మెరవకూడదు సార్. మెరిశాయి. నేనే తారుమారు చేశానని మా గైడు మేడమ్ అనుకుంటోంది. సోమవారం విచారణ కమిటీ. పరిశోధన ఆపేస్తే మా నాయనకు ఏమని చెప్పేది? ఆయనకు అసలే బాగలేదు. తొడ మీద పుండు మానడంలేదు, తిన్నది నిలవడంలేదు. షుగరేమో అంటున్నారు."

ఆ గైడు పేరు మాధవీలత. వాళ్లు ల్యాబ్‌కు వెళ్లగానే, ఆమె చీకటి గదిలో గొట్టాలను వరసగా పెట్టి నీలం కాంతి వేసింది. ఒకటో నంబరు లేత ఆకులా భగ్గుమంది. రెండోది కొంచెం తక్కువ. ఆరోది దాదాపు చీకటి.

"ఎంత బాగున్నాయి!" అనేసి వైష్ణవి నాలుక కరుచుకుంది.

"ఇంటినుంచి తెచ్చాక ఇవి ఒక రాత్రి ఈ ల్యాబ్‌లోనే ఉన్నాయి. రేడియేషన్ పెట్టె తాళం నా దగ్గరా, హరీష్ దగ్గరా ఉంటుంది" అంది మాధవీలత.

హరీష్ తనూజతో పాటే పరిశోధన చేస్తున్నాడు. ఉన్న ఒక్క ఫెలోషిప్‌కు ఇద్దరూ పోటీ.

"నువ్వే చేశావా?" రఘునాథ్ హరీష్‌ను సూటిగా అడిగాడు.

"ఆ పెట్టెలో పెడితే ఆరింటికీ సమానంగా తగుల్తాది సార్. ఇట్ల మెట్లు మెట్లుగా రాదు. చెడగొట్టాలనుకుంటే ఇంత చేతకానితనంగా చేస్తానా?"

రఘునాథ్ గొట్టాలను ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

ధర్మవరం ప్యాసింజర్ పెనుకొండలో ఆగినప్పుడు వైష్ణవి మూర మల్లెపూలు కొని సగం తనూజ జడలో పెట్టింది. తనూజ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఇంట్లో తనూజ తండ్రి రంగప్ప గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. జుట్టు పలచబడింది.

"రాండి సార్, కూసోండి. ఇది పాపకు. డాక్టరేట్ తీసుకునేనాడు కట్టుకోవల్ల. ఇంక జానెడు ఉండాది, అంతే."

"ఏం రంగండీ ఇది! చిలకపచ్చ కాదు, అరిటాకు పచ్చా కాదు..." వైష్ణవి చీర అంచు నిమిరింది.

"దాని పేరు నాకే తెలీదమ్మా. కుదరలేదని మూడు తూర్లు అద్దకం వేయించినా." రంగప్ప మురిసిపోయాడు.

రఘునాథ్ ఫోన్లో ఫొటో తెరిచి చీర పక్కన పట్టుకున్నాడు. గొట్టం మెరుపుకూ చీర రంగుకూ తేడా లేదు.

"అమ్మాయి ల్యాబ్‌కు ఎప్పుడైనా పోయినావా?"

"యాడప్పా! నెలనుంచి ఈ గడపే దాటలే."

"గొట్టాలు ఎక్కడ పెట్టావమ్మా?"

తనూజ మగ్గం గుంట కుడిగోడలోని గూడు చూపించింది. ఎండాకాలం ఇంట్లో చల్లగా ఉండే చోటు అదొక్కటే. గూడు ముందర, రంగప్ప కుడి తొడకు ఆనుకుని, పడుగు దారాల బిగువు కోసం కట్టిన బరువులు వేలాడుతున్నాయి. అన్నీ రాళ్లు. ఒక్కటి మాత్రం పిడికిలంత మెరిసే లోహపు ముద్ద.

"అదా? పెనుకొండలో నా దోస్తు లాల్‌సాబ్ ఇచ్చినాడు. పాత ఇనుము అంగడి వాంది. రాయి ఊగులాడతాది, బిగువు నిలవదంటే మూడు నెల్ల కింద తెచ్చి వాడే కట్టిపాయె."

"ఒకటో నంబరు గొట్టం ఎటువైపు ఉండింది?"

"ఆ బరువు పక్కనే సార్" అంది తనూజ.

రఘునాథ్ మొహం మారిపోయింది. "అందరూ లేవండి. దేన్నీ ముట్టుకోవద్దు. బయటికి నడవండి!"

ఇంటికి తాళం వేయించి, పక్కిళ్లు ఖాళీ చేయించి, అధికారులకు ఫోన్ చేశాడు. రంగప్పను ఆస్పత్రిలో చేర్పించాడు. సాయంత్రానికి పెనుకొండ వెళ్లి లాల్‌సాబ్‌ను కలిశాడు. లాల్‌సాబ్ మూడు వేళ్లకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

మర్నాడు ఆస్పత్రిలో రంగప్ప మంచం చుట్టూ మాధవీలత, హరీష్, లాల్‌సాబ్‌తో సహా అందరినీ కూర్చోబెట్టాడు రఘునాథ్.

"గొట్టాల జోలికి ఎవరూ పోలేదు. సీళ్లు చెక్కుచెదరలేదు. దగ్గరున్న గొట్టం ఎక్కువగా, దూరంగా ఉన్నది తక్కువగా మెరిసింది. అంటే ఒకే చోటినుంచి ఏదో వాటికి తగిలింది. అది ల్యాబ్‌లో జరగలేదు. ఎందుకంటే గొట్టాలు ల్యాబ్‌కు రాకముందే రంగప్ప ఆ రంగు చూశాడు. చూసి, చీరకు అద్దించాడు."

తనూజ తండ్రివైపు తిరిగింది. "పెట్టె తెరిచినావా నాయనా?"

"వారం దినాలకే తెరిస్తి. నువ్వు పెట్టిపోయిన నీలం టార్చి వేస్తే పచ్చగా మెరిసినాయి. నీ పని పండిందనుకున్యా పాపా. చెప్తే ముట్టుకున్యానని కోప్పడతావని... చీరలో చూపిద్దామనుకుంటి."

"ఆ ముద్దలో ఉండేది పైపుల అతుకులు పరీక్షించే యంత్రం లోపలి రేడియేషన్ గింజ. ఎవరో పాత ఇనుములో పారేశారు. పారేసింది ఎవరో అధికారులు వెతుకుతున్నారు. మగ్గానికి కట్టింది మాత్రం..." రఘునాథ్ లాల్‌సాబ్ వైపు తిరిగాడు.

లాల్‌సాబ్ గుడ్డ చుట్టిన వేళ్లు ముందుకు చాపాడు. "నేనే రంగప్పా. నా చేతుల్తోనే కట్టినా."

"ఊరుకోరా. తెలిసి కడతావా నువ్వు? ముందు నీ వేళ్లు డాక్టరుకు చూపించు." రంగప్ప అతని భుజం తట్టాడు.

హరీష్ కళ్లు తుడుచుకున్నాడు. మాధవీలత తనూజ చేయి పట్టుకుని, "నన్ను క్షమించమ్మా" అంది. కమిటీ రద్దయింది. ఆ మాట తనూజ విన్నట్టే లేదు. డాక్టరు చేతిలోని రక్తపరీక్ష కాగితాన్నే చూస్తోంది.

రంగప్ప బెంగళూరు ఆస్పత్రిలో ఇరవై రెండు రోజులు బతికాడు.

నెల తర్వాత తనూజ మళ్లీ ఆఫీసు మెట్లెక్కింది. అధికారులు ఆ ముద్దను సీసపు పెట్టెలో తీసుకెళ్లారు. చీరకు ఏ దోషమూ లేదని పరీక్షించి, మగ్గం నుంచి కోయించి ఇచ్చారు. నేయని జానెడు దారాలు కొసన వదులుగా వేలాడుతున్నాయి.

"వేరేవాళ్లతో నేయించబుద్ధి కాలేదక్కా. ముడులు వేద్దామంటే చేతులు ఆడటంలేదు."

వైష్ణవి తన కొత్త గాజులు చప్పుడు కాకుండా పైకి తోసుకుని, చీర కొసను ఒళ్లోకి తీసుకుంది. ఇద్దరూ నాలుగేసి పోగులు కలిపి ముడి వేయడం మొదలుపెట్టారు. పోగులు గాలికి చెదురుతుంటే రఘునాథ్ లేచి ఫ్యాను ఆపేశాడు.