ఈ కోటు ఎవరు కుట్టినారు?

బెంగుళూరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఏజెంట్ కదిరప్ప టీ తాగుతూ తాగుతూనే ప్రాణం విడిచాడు. గుండెపోటన్నారు చూసినవాళ్ళు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు మాత్రం అతని పిక్క మీద సూది దిగిన గుర్తు చూసి, గది తలుపు వేసుకుని, ఢిల్లీకి ఫోన్ చేశాడు.

అది 1998. మరునాడు పొద్దున్నే మదనపల్లెలో ఒక ఎస్‌టీడీ బూత్‌లో ఫోను మోగింది. గోవిందమ్మ ఎత్తింది.

"వక్కాకు దొరుకుతుందా?" అంది అవతలి గొంతు.

"వక్క ఉండాది. ఆకు వాడిపోయింది."

కోడ్ సరిపోయింది. అవతల ఉన్నది చీఫ్ ముద్దుకృష్ణ.

గోవిందమ్మ చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఊళ్ళో ఆమెను కాజాలు కుట్టుకుని బతికే మనిషిగానే ఎరుగుదురు. ఆమె సీక్రెట్ ఏజెంట్ అన్న సంగతి ఒక్కగానొక్క కొడుకు చైతన్యకు కూడా తెలియదు. డిపార్ట్‌మెంటు ఆమెను ఏరికోరి తీసుకున్నది ఆమె భయం చూసి. స్టవ్ మీద పాలు పొంగితే వీధి వీధంతా తగలబడిపోయినట్టు ఊహించుకునే మనిషి ఆమె. కొడుకు కాస్త ఆలస్యంగా ఇల్లు చేరితే, ఈలోపల ఆమె మనసులో వాడికి మూడు యాక్సిడెంట్లు అయిపోయి ఉంటాయి. "ధైర్యవంతులు నా దగ్గర చాలామంది ఉన్నారమ్మా, తొందరగా చచ్చిపోతున్నారు. నాకు భయపడేవాళ్ళు కావాలి" అన్నాడు చీఫ్, చేర్చుకున్న రోజున.

"విను" అన్నాడిప్పుడు. "మైక్రోఫిల్మ్. మన రాడార్ డ్రాయింగ్ మొత్తం అందులో ఉంది. కదిరప్ప దాని వెంటపడే చచ్చాడు, పిక్కలో విషపు సూది పొడిచారు. విదేశీ ముఠా దాన్ని ఒక కోటు గుండీలో పెట్టింది."

"ఆ కోటు యాడుండాది సార్?"

"మీ ఊళ్ళోనే. నూర్ అహ్మద్ షాపులో. బూడిద రంగు కోటు. ఒక కొరియర్ వచ్చి ‘ఈ కోటు ఎవరు కుట్టినారు?’ అని అడుగుతాడు. అదే కోడ్. కోటు తొడుక్కుని కుప్పం స్టేషన్‌కు పోతాడు. అక్కడ గుండీ అందుకునేవాడే బాస్. వాడి మొహం మనవాళ్ళెవరూ చూడలేదు."

"ఎవరైనా ఊరికే అడిగితేనో?"

"బట్టలు కొనేవాడు సైజు అడుగుతాడు, రేటు అడుగుతాడు. కుట్టినవాడి పేరు ఎవడడుగుతాడమ్మా! షాపులో సేల్స్‌గర్ల్ రోజా ఉంటుంది. ముఠాలో మనం పెట్టిన మనిషి. నువ్వు చూడాలి, వెంబడించాలి. ఏం జరిగినా నోరు తెరవకూడదు. అంతే."

వాల్మీకిపురంలో చిన్నమ్మకు బాగాలేదని ఇంట్లో చెప్పి, సూదీ దారం పట్టుకుని గోవిందమ్మ నూర్ అహ్మద్ షాపులో పనికి చేరింది.

ఆ షాపు ఊళ్ళో మిగతా బట్టల షాపుల్లాంటిది కాదు. కంపెనీ సరుకు ఒక్కటీ ఉండదు. చుట్టుపక్కల ఊళ్ళలో చేతి పనితనమున్న టైలర్లను వెతికి పట్టుకుని, వాళ్ళు తమ బుద్ధితో డిజైన్ చేసిన చొక్కాలూ కోట్లే అమ్ముతాడు నూర్ అహ్మద్. వేరే షాపుల్లో సినిమా హీరోలు ఉండే గోడల మీద ఇక్కడ టైలర్ల ఫోటోలున్నాయి. ప్రతి కాలరు లోపలా కుట్టినవాడి పేరుంది.

పొద్దున బోణీకి వచ్చిన స్కూలు మాస్టరు ఒక చొక్కా తీసుకుని బిల్లు వెయ్యమన్నాడు. నూర్ అహ్మద్ కదల్లేదు.

"కుట్టినోని పేరడుగు సార్."

"పేరెందుకప్పా నాకు?"

"మా అబ్బా బతికినన్నాళ్ళూ కోట్లు కుట్టినాడు. బోర్డు మీద సేటు పేరే, సంచి మీద సేటు పేరే. అబ్బా పేరు ఒక్కడూ అడగలా. నా అంగట్లో అడగనోళ్ళకు బిల్లు లేదు."

మాస్టరు నవ్వి, "సరేనయ్యా, ఈ చొక్కా ఎవరు కుట్టినారు?" అన్నాడు.

లోపల కాజా కుడుతున్న గోవిందమ్మకు సూది వేల్లో దిగింది. తర్వాత వచ్చినవాడూ అదే అడిగాడు. ఆ తర్వాత వచ్చినవాడూ అదే. దేశంలో ఎవరూ అడగని ప్రశ్న అని ముఠా ఏరి పెట్టుకున్న కోడ్, ఈ ఒక్క షాపులో బిల్లు కావాలంటే ప్రతివాడూ అడగాల్సిన ప్రశ్న! నిన్న మొన్న చేరిన రోజాకు ఆ కోటు ఒక్కదాని మీదే కన్ను. చలువ కళ్ళద్దాలు తలమీదికి తోసుకుని, పెదాల రంగు సరిచేసుకుంటూ, ఎవరేం కొంటున్నారో పట్టించుకోవడమే లేదు. మన మనిషే అని చీఫ్ చెప్పినా భయం తీరక, రోజా టీకి పోయినప్పుడు గోవిందమ్మ ఆమె హ్యాండ్‌బ్యాగులో చిన్న మైకు పడేసింది. అందులో పిస్తోలు కూడా కనబడింది. ఖరీదు చూసి ఆ కోటు జోలికి ఎవరూ పోవడం లేదన్నదొక్కటే ధైర్యం. ఎవడో అమాయకుడు పోతేనో? ఎవరు కన్న బిడ్డో?

మధ్యాహ్నం ఒక గొంతు వినిపించింది.

"అన్నా, ఆ బూడిద రంగు కోటు సూపీ."

ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి ఆమె తొంగి చూడనక్కర్లేదు. చైతన్య!

"సాయంత్రం కుప్పంలో పెండ్లి, ఆర్కెస్ట్రాలో పాడాల. కోటు లేకుంటే స్టేజీ ఎక్కనీరంట. దుడ్లు మాత్రం ఇప్పుడు లేవన్నా."

"తొడుక్కోని పో బాబా, మెల్లగా ఇయ్యి. మైకులో మాత్రం కుట్టినోని పేరు సెప్పల్ల."

"ఎవురు ఆయప్ప?"

"అట్ల కాదు. మర్యాదగా అడుగు."

చైతన్య చేతులు కట్టుకుని, నాటకంలో లాగా వంగి, "ఈ కోటు ఎవరు కుట్టినారు?" అన్నాడు.

రోజా తలెత్తింది. "పుంగనూరు నరసింహులు" అంటూ తనే వచ్చి కోటు తొడిగి, భుజాలు సవరించి, నవ్వింది. "నేనూ కుప్పమే. కలిసి పోదాం."

గోవిందమ్మ తెర వెనక దారం కొరికింది. అరవాలని ఉంది. బయటికొస్తే హ్యాండ్‌బ్యాగులో పిస్తోలు. వాళ్ళటు పోగానే బూత్‌కు పరుగెత్తింది.

"సార్, కోటు నా కొడుకు మిందికి పోయింది!"

"అయితే పోనీ. గుండీ కుప్పం చేరకపోతే బాస్ బయటికి రాడు. స్టేషన్లో మనవాళ్ళు పోర్టర్ల వేషాల్లో ఉంటారు. దగ్గర రోజా ఉంది. భయం లేదు."

"మీకు పిల్లోళ్ళు ఉండారా సార్?"

"లేరు."

"తెలస్తానే ఉండాది" అని ఫోన్ పెట్టేసింది.

పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, టమాటా గంపతో ఒక ముసలామె ఎక్కింది. సీట్లు లేవు. రోజా పక్కనున్న చైతన్య లేచాడు.

"కూసో అవ్వా. ఈ గంపేసుకోని నిలబడతావా?"

కన్నకొడుకు పోల్చుకోలేదు. మారువేషం బాగా కుదిరినందుకు సంతోషించాలో, తల్లిని అవ్వా అన్నందుకు ఏడవాలో ఆమెకు తెలియలేదు. పైగా బిడ్డ మధ్యాహ్నం అన్నం తిన్నట్టు లేదు. అడగడానికి లేదు. కండక్టరు తోస్తుంటే ఫుట్‌బోర్డు వైపు జరుగుతున్నాడు. జారిపడితే? లోపలికి రారా అనడానికి లేదు. రోజా అతన్ని మళ్ళీ దగ్గరికి లాగి, "ఒక పాట పాడు" అంటోంది. వద్దురా అనడానికీ లేదు. వక్కాకు నములుతూ కూర్చోవడమొక్కటే ఆమె డ్యూటీ.

పుంగనూరులో బస్సు ఆగింది. రోజా దిగి ఎస్‌టీడీ బూత్‌లోకి పోయింది. గోవిందమ్మ చెవి మిషన్ నొక్కుకుంది. మైకులోంచి మాటలు స్పష్టంగా వినిపించాయి.

"కొరియర్ వస్తాండాడు. బలే ఉండాడు పిల్లోడు, పాటలు గూడా పాడతాండాడు. ఏం జేస్తాం? గుండీ తీసుకోని, కదిరప్పకు పొడిసినట్టే పొడిసెయ్యండి. సాక్ష్యం ఉండకూడదు. లేదులే, ఆ చీఫు నన్నింకా వాళ్ళ మనిషనే నమ్ముతాండాడు."

గోవిందమ్మ గంపలోంచి ప్లాస్టిక్ టమాటా తీసి కాడ తిప్పింది. అది వైర్‌లెస్. గుట్టల్లో సిగ్నల్ లేదు, బుస్సుమని చప్పుడొక్కటే. ఈలోపల రోజా వచ్చి కూర్చుంది, బస్సు కదిలింది. ఇప్పుడు చెబితే బస్సులోనే పిస్తోలు పేలుతుంది. చెప్పకపోతే కుప్పంలో సూది. జీవితమంతా లేని కీడులు ఊహించుకున్న మనిషికి, ఉన్న కీడు పక్క సీట్లోనే కూర్చుని ఉంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఇష్టదైవాలందరికీ మొక్కింది. గుర్తు రాని దేవుళ్ళకు క్షమాపణ చెప్పుకుంది.

కుప్పం స్టేషన్. బెంగుళూరు బండి వచ్చే వేళ. "మా మామ గ్రానైట్ వ్యాపారం. నీ కోటు సూస్తాడంట, ఒక్క నిమిషం" అంటూ రోజా చైతన్యను ప్లాట్‌ఫారం మీదికి లాక్కుపోయింది. గోవిందమ్మ గంప పట్టుకుని జనంలో తోసుకుంటూ పోయింది. ఎర్రచొక్కాల పోర్టర్లు దూరంగా బీడీలు కాలుస్తున్నారు. వాళ్ళకు రోజా సంగతి తెలియదు. చేరి చెప్పేంత వ్యవధి లేదు.

సఫారీ సూట్‌లో ఒక పెద్దమనిషి, చేతిలో గొడుగు. వాన లేదు, ఎండా లేదు.

"మంచి కోటు" అన్నాడు. "గుండీ వేలాడతాంది సూడు." చిన్న కత్తెరతో చటుక్కున కత్తిరించి జేబులో వేసుకున్నాడు. చైతన్య కింద పడిందేమోనని గుండీ కోసం వంగి చూస్తున్నాడు. బండి కూత వేసింది. గొడుగు మొన మెల్లగా అతని పిక్క వైపు తిరిగింది.

గంపలో గోవిందమ్మ చేతికి రివాల్వర్ తగిలింది. కొంగు చాటున గురి చూసింది. కొడుకు వీపు అడ్డం.

నోరు తెరవకూడదన్న ఆర్డరు అప్పటిదాకా నిలిచింది. ఆ తర్వాత నిలవలేదు.

"సైతన్యా! కాల్దియ్ రా!"

కాలు తియ్యమనే ఆ కేక వాడు పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు. తేలు కనబడినా అదే, పెంకు ముక్క కనబడినా అదే. ఎందుకని అడగకుండా ఎగిరి పక్కకు దూకాడు. గొడుగు మొన సిమెంటు అరుగుకు తగిలి ఠప్పున విరిగింది. రోజా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయేలోపల టమాటా గంప ఆమె నెత్తిన బోర్లా పడింది. "జేబుదొంగ! జేబుదొంగ!" అంటూ పోర్టర్లు పరుగెత్తుకొచ్చి సఫారీ వాణ్ణీ, గోవిందమ్మ సైగ చూసి రోజానూ రెక్కలు విరిచి పట్టుకున్నారు. గుండీ దొరికింది. బండి వచ్చి ఆగింది.

పోర్టర్ వేషంలో ఉన్న ఇన్‌స్పెక్టర్ వెంకటరమణ ఆమె చెవిలో గొణిగాడు. "యాల అరిసినావమ్మా? ఇన్నేండ్ల కవర్ అంతా పాయె!"

అప్పటికే విగ్గు పక్కకు జారిపోయింది. చైతన్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అమ్మా! నువ్వా? వాల్మీకిపురం పోతానంటివే!"

గోవిందమ్మ విగ్గు సర్దుకోబోయింది. అయిపోయింది అనుకుంది.

"ముసిలిదాని ఏసం ఏసుకోని నా ఎనకాలే వచ్చినావా? ఆ పిల్లతో మాట్లాడతాండానని కాపలానా?" వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేనేమైనా పసిబిడ్డనా? ఆర్కెస్ట్రావాళ్ళు సూస్తే నా మానం దక్కుతుందా? ఇట్లాంటి అమ్మ ఎవురికైనా ఉంటాదా?"

చుట్టూ చేరిన జనం నవ్వారు. "పాపం, తల్లి పేగప్పా!" అంది ఒకామె. వెంకటరమణ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని తప్పుకున్నాడు. ఆమె కవర్‌కు గీత కూడా పడలేదు. నోరు తెరిచి నిజం చెప్పి కొడుకు కోపం తీర్చే దారి మాత్రం ఆమెకు లేదు.

అసలు కొరియర్ ఎక్కిన బస్సు దారిలో చెడిపోయి, వాడు పొద్దుగూకాక షాపుకు చేరి, లేని బూడిద రంగు కోటు కోసం వెతుకుతూ కోడ్ అడిగాడు. నూర్ అహ్మద్ మురిసిపోయి వాడికో ఖద్దరు చొక్కా అంటగట్టాడు. వాకిట్లోనే పోలీసులు పట్టుకున్నారు.

"అన్నం తిన్నావా నాయనా?" అంది గోవిందమ్మ చివరికి, ప్లాట్‌ఫారం మీద.

"ముందు ఇది సెప్పు. ఇంకెప్పుడైనా నా ఎనకాల వస్తావా?"

"రానులేరా."

పొద్దుటి నుంచీ గూఢచారిగా ఆమె లెక్కలేనన్ని అబద్ధాలాడింది. ఎవరూ నమ్మనిది ఆ ఒక్కటే.