అరగని చెప్పులు

ఆ రోజు బడికి సెలవు. కూతురు బడిలో గుమాస్తా. ఎప్పుడూ ఆదివారం మధ్యాహ్నం వృద్ధాశ్రమానికి వెళ్ళి నాన్నను చూసొచ్చేది. ఈసారి పొద్దున్నే వెళ్ళింది.

అమ్మ పోయాక నాన్న ఒకసారి స్నానాల గదిలో జారాడు. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరని నాలుగు నెలల కింద ఆమే తెచ్చి ఇక్కడ చేర్పించింది. ఎప్పుడొచ్చినా కిటికీ పక్క కుర్చీలో కనపడేవాడు. తిని కాస్త ఒళ్ళు వాలుస్తున్నాడులే అనుకునేది.

ఇప్పుడూ అదే కుర్చీ. కుర్చీ వీపు గోడకానింది. ఒడి మీదుగా చెక్క బల్ల అడ్డం ఉంది. బల్ల మీద కాఫీ గ్లాసు పెట్టుకునే గుంట కూడా ఉంది. చూస్తే అదేదో సౌకర్యం అనుకుంటారు.

గోళ్ళు తీద్దామని కింద కూర్చుంది. కుర్చీ కింద చెప్పులున్నాయి. చేర్పించిన రోజు కొన్నవి. ఒకటి తిరగేసింది. అడుగున అంటించిన ధర చీటీ అలాగే ఉంది. ఒక్క గీత పడలేదు.

నాన్న పిక్క పట్టుకుని చూసింది. చిక్కి సగమై గుప్పెట్లో ఇమిడింది. ముప్పై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి కాలు అది.

ఆయాను అడిగింది. తాతను నడవనివ్వం అక్కా అంది ఆయా. స్నానానికీ దొడ్డికీ చక్రాల కుర్చీయేనట. మొదటి వారం తనంతట తానే లేచి వరండా చివరిదాకా వెళ్ళేవాడట. అప్పుడే బల్ల బిగించారట.

కూతురికి ఒళ్ళు మండింది. చెప్పు చేత్తో పట్టుకునే మేనేజరమ్మ గదిలోకి వెళ్ళింది. చెప్పు చూసి మేనేజరమ్మ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. భయపడకండి, చూపిద్దామని తెచ్చానంది కూతురు.

మేనేజరమ్మ మెత్తగా మాట్లాడింది. మనుషులు తక్కువ, పెద్దవాళ్ళు ఎక్కువ అంది. పడితే తుంటి విరుగుతుంది, ఆ తర్వాత మంచమే అంది.

"పడితే ఎవరు జవాబు చెప్పాలి మేడమ్?"

"పడకుండానే కాళ్ళు తీసేశారు కదండీ. దీనికెవరు చెబుతారు?"

మేనేజరమ్మ లేచింది. బీరువాలోంచి ఫైలు తీసి ముందు పెట్టింది. చేర్పించిన రోజు కాగితం. అడుగున కూతురి చేతిరాతే. నాన్న ఒక్కసారి కూడా పడకూడదు. పడితే ఊరుకోను. 'ఊరుకోను' కింద రెండు గీతలు.

కూతురు కాగితం దగ్గరికి లాక్కుని చదివింది. అమ్మ లేదు, ఈయనైనా మిగలాలన్న భయంతో రాసింది. మెచ్చుకోదగ్గ కూతురిననుకుని రాసింది.

"రాసింది నేనే. తప్పు నాదే" అంది చివరికి. "కానీ పడనివ్వకండి అంటే పట్టుకుని నడిపించమని. కట్టేయమని కాదు. నేను తెలివితక్కువగా రాశాను, మీరు చదువుకుని సుఖపడ్డారు."

మేనేజరమ్మ పెన్ను ముందుకు జరిపింది.

కూతురు కాగితం మీది ఆ మాట కొట్టేసింది. రోజూ రెండు పూటలా నడిపించాలి, ఒక మనిషి పక్కన ఉండాలి, అయినా పడితే బాధ్యత నాది అని రాసి సంతకం పెట్టింది. నడక నేర్పే డాక్టరును ఎప్పుడు పిలుస్తారో తారీఖు వేయించుకునే దాకా గది దాటలేదు.

తిరిగొచ్చి బల్ల తనే ఊడదీసింది.

"ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేం నాన్నా?"

"నువ్వే నడవొద్దన్నావన్నారమ్మా." నాన్న కిటికీ వైపు చూశాడు. "నీ మాట కాదంటే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

 ఇన్ని ఆదివారాలు ఎదురుగా కూర్చుని బాగున్నావా అని అడిగింది. బాగున్నానన్నాడు.

చెప్పులు తొడిగింది. ఆయా ఒక పక్క, ఆమె ఒక పక్క. నాన్న మోకాళ్ళు గడగడ వణికాయి. రెండుసార్లు లేవబోయి కూలబడ్డాడు. మూడోసారి నిలబడ్డాడు. చూస్తే ఆమెకంటే పొడుగు. ఆ సంగతే మర్చిపోయింది.

ఒక అడుగు వేశాడు. ఇంకొకటి. ఆమె నాన్న చెయ్యి మెల్లగా వదిలి ఆయాకు అప్పగించి, ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాచింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

నాన్న ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఏడుపు తర్వాతమ్మా" అన్నాడు. "ముందు దారియ్యి."