తిప్పమ్మ తాగని నీళ్లు

కఫం పలుచన చేసే మందు ఇవ్వడం పెద్ద విద్యేం కాదు. ఇచ్చాక రోగి చేత నీళ్లు తాగించడమే నా ప్రాణానికి వచ్చేది. కడుపులోకి నీళ్లు పోకపోతే కఫం బంకలా సాగి గొంతుకు అడ్డం పడుతుంది. కుందుర్పి దగ్గర మా చిన్న ఆసుపత్రిలో, ఎనభైల్లోని ఆ కరువు ఏడు, ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

ఛాతీలో కఫంతో చేరిన తిప్పమ్మ వినలేదు. లోటా నిండా ఇస్తే తాగినట్టు నటించి, నేను అటు తిరగగానే మంచం పక్కనున్న నీళ్లకుండలో పోసేసేది. పట్టుకుంటే నవ్వేది. "ఇన్ని నీళ్లు నాకేల తల్లీ, ఎనకొచ్చేటోళ్లకు ఉండనీ" అనేది. ఒక మంగళవారం ఊపిరాడక ప్రాణం విడిచింది. ఆ ముసలిదాని మీద నాకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

చావు జరిగిన చోట నిల్వ ఉన్న నీళ్లు పారబోస్తారు. వార్డుబాయి గురప్ప కుండ ఎత్తుకుని గుమ్మందాకా పోయి, మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాడు. "ఈ కరువులో ఎవురు పారబోస్తారు సిస్టరమ్మా?" అన్నాడు. నేనూ సరేనన్నాను.

ఆ వారమే అదే మంచం మీదికి గొర్రెల కాపరి ఎర్రప్ప వచ్చాడు. మడకశిర వైపు మనిషి, తిప్పమ్మను చూసి కూడా ఎరగడు. ఛాతీ నిండా కఫం. సిరప్ పోసి నీళ్లిస్తే గటగటా తాగాడు. ఇన్నాళ్లకు మాట వినే రోగి దొరికాడని మురిసిపోయాను.

మధ్యాహ్నం ఆయన భార్య మారెక్క బిందె తీసుకుని బోరింగు దగ్గరకు పోయింది. అంతలో గాలి లేచింది. ఎర్రదుమ్ము కమ్మి పట్టపగలే గది చీకటైంది. కిటికీలు బిగించాను. బయట వసారా రేకు దబ్బున కూలి తలుపుకు అడ్డం పడింది. భుజం పెట్టి తోశాను. కదల్లేదు. లోపల నేను, ఎర్రప్ప, ఆ కుండ.

"సిస్టరమ్మా... నీళ్లు..."

కుండ సగానికి ఉంది. ఎర్రప్పకు ఒక లోటా తాగించి, బోర్లా పడుకోబెట్టి, తల మంచం అంచు కిందికి వంచి, అరచేయి గుంట చేసి వీపు తట్టాను. కఫం కదిలింది గానీ బయటికి రాలేదు. గదంతా దుమ్ము వాసన, ఫినాయిలు వాసన. ఇంకో లోటా ముంచబోయాను. లోటా టక్కున అడుగుకు తగిలింది.

కుండ కారిందేమోనని నేల తడిమాను. పొడిగా ఉంది.

గుటక్...

ఎర్రప్ప గొంతు కాదు. కుండ పక్కనుంచి.

గుటక్... గుటక్...

చాలా దాహం మీదున్న మనిషి తాగుతున్న చప్పుడు. లోపల చేయి పెట్టాను. పుడిసెడు నీళ్లు మిగిలాయి. వెనక ఎర్రప్ప రొమ్ములో గరగర ఎక్కువైంది. కళ్లు తేలేస్తున్నాడు. కూలబడి కుండను ఒడిలోకి లాక్కున్నాను.

"తిప్పమ్మా..." అన్నాను. "ఎనకొచ్చేటోళ్లకు అంటివి గదా. వచ్చినాడు. ఈయప్పకు ఉండనీ... సచ్చిపోతాడు."

గుటకలు ఆగాయి.

గరగర కూడా ఆగింది.

పోయాడనుకున్నాను. ఏడుపొచ్చింది. అప్పుడు ఎర్రప్ప ఊపిరి వినిపించింది. మెత్తగా, అడ్డం లేకుండా. ఒక్క చుక్క కఫం కూడా ఉమ్మలేదు.

గాలి తగ్గాక గురప్ప రేకు లాగి తలుపు తీశాడు. మారెక్క నిండు బిందెతో పరిగెత్తుకొచ్చి లోటా ముంచి అందించింది. "తాగు మామా."

ఎర్రప్ప లేచి కూర్చుని లోటా పెదవులకు ఆనించుకున్నాడు. గొంతు కదల్లేదు. మారెక్క బిందె దించడానికి అటు తిరగగానే, మంచం మీదినుంచి వంగి, ఆ నీళ్లు నా ఒడిలోని కుండలో పోశాడు.

నా వైపు చూసి నవ్వాడు.

"ఇన్ని నీళ్లు నాకేల తల్లీ..."

ఆ మాట పూర్తికాకముందే ఆయన గొంతులో గరగర మళ్లీ మొదలైంది.