దింపుడు కళ్ళం దగ్గర మూడు నిమిషాలు

కుక్కర్ రెండో విజిల్ వేసేసరికి హైమావతి ఎడమ భుజం మీద శవం బరువు పడింది.

శవం అక్కడెక్కడో ఉంది, గోదావరి గట్టు మొదట్లో ఉన్న శీతలగృహం గుమ్మంలో. ఆమె ఉన్నది రాజమండ్రిలో, ఆరో అంతస్తులో, తన వంటింట్లో. బరువు మాత్రం అబద్ధం కాదు. భుజానికి బిగించుకున్న మోతపట్టీలో గాలితిత్తులు ఉబ్బి, పాడె కర్ర ఒత్తినట్టే ఒత్తుతున్నాయి. కాళ్ళ కింద నడకపలక మెల్లగా కదిలింది. ఆమె ఇక్కడ అడుగు వేస్తే అక్కడ నడకపాడె వెనక ఎడమ కాలు అడుగు వేస్తుంది, ఆమె ఆగితే అదీ ఆగుతుంది. నాలుగు ఇళ్ళలో నలుగురు నడిస్తేనే దాని నాలుగు ఇనుపకాళ్ళూ కదులుతాయి.

"కొత్తమ్మగారు సిద్ధమేనాండీ?" చెవిలో ఒక పెద్దాయన గొంతు పలికింది.

"సిద్ధమేనండి," అంది హైమావతి, స్టవ్ కట్టేస్తూ.

"అయితే కుడికాలు ముందు. గోవిందా!"

"ప్రభువా," అంది ఇంకో ఇంట్లోంచి సువార్తమ్మ. నాలుగో ఇంట్లో ఉన్న ఖాదర్ వలీ అనే టైలరు ఏమీ అనలేదు. ఆయన మాట్లాడడు, మోస్తాడు.

దూరశాసనం వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. జబ్బు ఎప్పుడో తగ్గిపోయింది, శాసనం మాత్రం తగ్గలేదు. ప్రతి మణికట్టుకీ ఒక ఎడకట్టు ఉంటుంది. మనిషికీ మనిషికీ మధ్య తొమ్మిదడుగులు తగ్గితే అది చీమలా కుడుతుంది, ఇంకా దగ్గరికెళితే తేలై కూర్చుంటుంది. అలాగని సేవ ఆగిపోతుందా? వారానికి నాలుగు గంటల ఇంటిసేవ అందరికీ తప్పనిసరి. కొందరు చేతులకి దూరతొడుగులు వేసుకుని, ఇంట్లోంచే అన్నదాన కేంద్రంలో గంజి కలుపుతారు. కొందరు చూపులేని పిల్లలకి పాఠాలు చదివి వినిపిస్తారు. ఒంటరివాళ్ళకి ఫోన్ చేసి గంటసేపు వాళ్ళ కీళ్ళనొప్పులు వినేవాళ్ళూ ఉన్నారు. ఇవేవీ చేతకానివాళ్ళకి భుజమైనా ఉంటుంది కదా, అలాంటివాళ్ళు అంతిమ సేవా సమితిలో చేరతారు. అయినవాళ్ళు లేని శవాలని మొదట్లో యంత్రమే ఒంటరిగా మోసుకుపోయేది. అది చూడలేక జనం గోలపెట్టారు. ఎంత దిక్కులేనివాడైనా నలుగురి భుజాల మీదే పోవాలన్నారు. ఆ గోలలోంచి పుట్టిందే ఈ మోతపట్టీ.

హైమావతి మాత్రం సేవకి రాలేదు. ఆమె జిల్లా సేవాపాలన కార్యాలయంలో పరిశీలకురాలు. అనుమానించడం ఆమె ఉద్యోగం, జీతం ఇవ్వకపోయినా చేసేదే. డ్రోన్ తెచ్చిన బెండకాయల్ని ఇంట్లో మళ్ళీ తూకం వేసుకునే మనిషి. ఇప్పుడు ఆమె కన్ను, ఇందాక గోవిందా అన్న పెద్దాయన మీద, పాడె ముందు ఎడమ కాలు నడిపే పరదేశి మీద పడింది.

ఆరేళ్ళలో అతను నూటనలభైకి పైగా పాడెలు మోశాడు. అతను ఉన్న ప్రతి పాడే గట్టు మధ్యలో ఒకే చోట ఆగుతోంది, సరిగ్గా మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ పాడె తలవైపు వంగుతోంది. చుట్టుపక్కల ఇళ్ళు లేవు, తుమ్మ పొదలు తప్ప. చనిపోయినవాళ్ళ ఉంగరం, ముక్కుపుడక లాంటివి ఏవైనా ఉంటే సంచిలో పెట్టి తలవైపే కడతారు. మోసేవాళ్ళ మాటలు గానీ, వాళ్ళ తెర మీద కనిపించేది గానీ రికార్డు చేయకూడదని నియమం ఉంది కాబట్టి, అక్కడ ఏం జరుగుతోందో కార్యాలయానికి తెలిసే దారి లేదు. అలా ఆగవద్దని పోయిన నెల కాగితం పంపితే కొన్నాళ్ళు మాని, మళ్ళీ మొదలుపెట్టాడు. పొదల్లో ఎవడో కాచుకుని ఉంటాడని హైమావతికి గట్టి నమ్మకం. అందుకే ఎవరికీ చెప్పకుండా నాలుగో భుజంగా చేరింది. రేపు సాయంత్రానికి ఆమె నివేదిక ఇవ్వాలి. అందులో ఆమె ఒక్క వాక్యం రాస్తే చాలు, పరదేశి జన్మలో మళ్ళీ ఈ పట్టీ కట్టుకోలేడు.

"ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నారు పరదేశిగారూ?" అంది, ఏమీ తెలియనట్టు.

"ఆరేళ్ళండి. లాంచీ సరంగుని కదండీ, ఇంకో పని చేతకాదు. గంజి కలపమంటే మాడ్చేశానండి."

"ఆ మాడుగంజి నేనూ తాగాను," అంది సువార్తమ్మ నవ్వుతూ. ఆవిడ రిటైరైన నర్సు. "భుజం ఎలా ఉంది పరదేశన్నా?"

"ఎత్తితే దిగదు, దిగితే ఎత్తలేను. పట్టీ మానెయ్యమని డాక్టరుగారు ఒకటే పోరు."

భుజం పాడైపోయినా మానడట! ఎంత లాభం లేకపోతే ఇంత నొప్పి ఓర్చుకుంటాడు, అనుకుంది హైమావతి. ఎదురుగా ఉన్న తెర మీద గట్టు కదిలిపోతోంది. ఎడమ పక్కన గోదావరి ఎండకి మెరుస్తోంది. కింది ఫ్లాట్ వాళ్ళు నడకపలక చప్పుడు భరించలేక కర్రతో పైకప్పు పొడుస్తున్నారు. ఆమె పట్టించుకోలేదు.

అనుకున్న చోటే పాడె ఆగింది.

"దించండమ్మా," అన్నాడు పరదేశి.

"ఎందుకండీ?"

"దింపుడు కళ్ళం కదండీ."

ఆ మాట ఆమెకి తెలుసు. నెగ్గదని తెలిసిన పనిని పట్టుకు వేలాడేవాళ్ళని చూసి, దింపుడు కళ్ళం ఆశ అని కార్యాలయంలో నవ్వుకుంటూ ఉంటారు. కానీ అది నిజంగా ఒక చోటని, శ్మశానానికి వెళ్ళే దారిలో పాడెని దించి, ప్రాణం ఏ మూలైనా ఉందేమోనని చెవిలో మూడుసార్లు పిలిచేవారని, చిన్నప్పుడెప్పుడో విని మర్చిపోయింది. ఇప్పుడు గుర్తొచ్చినా నమ్మలేదు. తెరని గబగబా నాలుగు వైపులా తిప్పి చూసింది. పొదల దగ్గర ఒక మేక నిలబడి ఉంది. సంచి మీద వేసిన లక్క ముద్ర చెక్కుచెదరలేదు.

పాడె ముందుకాలు మెల్లగా ముడుచుకుంది. మోసేవాళ్ళ గొంతు వినిపించే మాటపెట్టె శవపేటిక తలవైపుకి చేరింది. పరదేశి గొంతు తగ్గించి పిలిచాడు.

"చిట్టబ్బాయ్... ఒరే, చిట్టబ్బాయ్... లేవరా, ఇంటికి పోదాం."

అలా మూడుసార్లు పిలిచాడు. నిజంగానే ఎవరో బదులిస్తారని నలుగురూ ఎదురు చూస్తున్నట్టుంది.

"ఎత్తండమ్మా," అన్నాడు చివరికి.

హైమావతి ఒళ్ళు జలదరించింది. జాలితో కాదు. పేటికలో ఉన్నది ఎవరో మోసేవాళ్ళకి చెప్పరు, ముఖం చూపించరు, అంకె మాత్రమే ఇస్తారు. కానీ పొద్దున్నే రికార్డు చూసి వచ్చిన ఆమెకి తెలుసు. ఇది ఏదో సంకేతం! ఆ ఊపులో నోరు జారింది.

"చిట్టబ్బాయి ఎవరండీ?"

"మా తమ్ముడండి."

"ఈ పెట్టెలో ఉన్నది డెబ్బై ఏళ్ళ ఆడమనిషి!"

పాడె అలాగే నిలిచిపోయింది. నాలుగు ఇళ్ళలో ఎవరి కాలూ కదల్లేదు.

"మోసేవాళ్ళకి ఆ సంగతి చెప్పరే," అంది సువార్తమ్మ నెమ్మదిగా. "నీకెలా తెలిసిందమ్మా?"

"ఆఫీసు మనిషి," అన్నాడు ఖాదర్ వలీ. ఆ రోజు ఆయన మాట్లాడిన మాట అదొక్కటే.

హైమావతికి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అనుమానించడమే గానీ, అనుమానపు చూపు తన మీద పడితే ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. పరదేశి తిడతాడని ఎదురుచూసింది.

"ఆఫీసువారాండీ!" అన్నాడు పరదేశి. ఆ గొంతులో సంతోషం విని ఆమె నివ్వెరపోయింది. "ఆరేళ్ళ నుంచి ఆఫీసులో ఒక్క మనిషితో మాటాడాలని చూత్తున్నానండి. ఎప్పుడు ఫోన్ చేసినా యంత్రమే పలుకుతాది. నడుత్తూ మాటాడుకుందామాండీ? ఆవిడికి ఎండగా ఉంటాది."

నడుస్తూనే చెప్పాడు. దూరశాసనం వచ్చిన మొదటి వారంలో తమ్ముడికి జ్వరం తగిలింది. ఇరవై నాలుగేళ్ళ వాడు. బండి వచ్చి ఎక్కించుకుపోయింది. ఒక అంకె రాసిచ్చారు. నెల తర్వాత ఆ అంకె పట్టుకుని వెళితే అది ఇంకెవరిదో అన్నారు. చనిపోయాడని చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. ఫిర్యాదు రాసిచ్చాడు. పదేళ్ళు దాటిన ఫిర్యాదుల్ని యంత్రం తనంతట తానే మూసేస్తుందని పదకొండో ఏట తెలిసింది.

"ఎక్కడో బతికే ఉన్నాడనుకోండి. పేరు చెప్పుకోలేక, ఇల్లు గుర్తులేక తిరుగుతా ఉంటాడు. అలాంటోడు పోతే ఎక్కడికొత్తాడండీ? మన పాడె మీదికే కదండీ. మగో ఆడో మాకు చెప్పరు. అందుకని అందర్నీ పిలుత్తాను. ఆడు కాకపోయినా తప్పేముందండీ, ఎవరో ఒకరు పిలిచినట్టుంటాది."

హైమావతి నడకపలక మీద అడుగు తప్పకుండా వింటోంది.

"మీ కాగితం వచ్చాక భయపడి మూడు పాడెలు ఆపకుండా తీసుకుపోయానండి. ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు. ఆ మూడింట్లో ఉన్నాడేమో చూసి చెప్తారాండీ? కుడి ముంజేతి మీద లంగరు పచ్చబొట్టు ఉంటాదండి. తిరనాళ్ళలో నేనే పొడిపించాను. ఆడేనని తెలిత్తే ఆ రోజే ఈ పట్టీ దించేత్తాను. ఇంక నా వల్ల కావట్లేదండి."

చూస్తానని మాటిచ్చింది. చూడటం ఆమె పనే కదా.

మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా కార్యాలయం చిట్టా తెరిచింది. ఏదో ఒక తప్పు దొరకాలని వెతికే అలవాటు ఆమెది. ఈసారి ఏమీ దొరకకూడదని కోరుకుంటూ వెతికింది. మొదటి పాడె ఒక బాలింతది. రెండోది ఎనభై దాటిన ముసలాయనది. మూడోది మగమనిషిది, వయసు నలభై మూడు, నలభై నాలుగు. ఉప్పుమడుల్లో పని చేసేవాడట. ఉప్పుకి వేలిముద్రలు అరిగిపోవడంతో యంత్రం పోల్చలేకపోయింది. గుర్తులు అన్న గడిలో ఎవరో గుమాస్తా రాశాడు: కుడి ముంజేతి మీద కొక్కెం బొమ్మ.

ఫోటో తెరిచింది. అది కొక్కెం కాదు. లంగరుని కొక్కెమనుకునేవాడు రేవు ముఖం చూసి ఉండడు. కింద వంకరగా రెండక్షరాలు ఉన్నాయి, చి, ప.

ఆ పాడె గట్టు మీద ఎక్కడా ఆగలేదని పక్కనే రాసి ఉంది. 'అనధికార విరామం లేదు, సంతృప్తికరం' అని మెచ్చుకుంటూ సంతకం చేసింది హైమావతే. తమ్ముడిని మోశాడు పరదేశి. పంతొమ్మిదేళ్ళు ఎదురుచూసిన బరువు అతని పాడైన భుజం మీద గంటసేపు ఉంది. పిలవాల్సిన చోటు దాటుకుంటూ, కాగితానికి భయపడి నడిచి వెళ్ళిపోయాడు. ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు నివేదిక ఇచ్చింది. దొంగతనం లేదు, విరామం ఆచారంలో భాగం, మూడు నిమిషాలు అనుమతించవచ్చు అని రాసింది. పైవాళ్ళు ఒప్పుకున్నారు. పరదేశి పట్టీకి ఢోకా లేదు.

గురువారం మళ్ళీ పట్టీ కట్టుకుంది. నాలుగు రోజులుగా ఏం చెప్పాలో పాఠంలా వల్లెవేసుకుంది. మీ తమ్ముడు దొరికాడండి, మీరే మోశారు, క్షమించండి. మూడే మాటలు. గట్టు సగం దాటేదాకా పరదేశి అడగలేదు. అడగడానికి భయపడుతున్నాడని ఆమెకి అర్థమైంది.

"చూశారాండీ?" అన్నాడు చివరికి.

"చూశానండి."

దొరికాడని చెప్పడం కష్టం కాదు. పిలవనివ్వనిది నేనే అని చెప్పాలి కదా, అక్కడే నాలుక తిరగలేదు.

"ఆ మూడింట్లో లేడండి," అంది.

చెవిలో ఒక పెద్ద ఊపిరి వినిపించింది. ఇంతసేపూ బిగబట్టినదంతా వదిలాడు.

"బతికించారండి! అయితే ఇంకా ఉన్నాడన్నమాట. పొద్దున్నే డాక్టరుగారు మళ్ళీ పోరితే రేపట్నుంచి మానేద్దామా అనుకున్నానండి. ఇంక మాననండి. ఎన్నేళ్ళయినా మోత్తాను."

"పరదేశిగారూ, మీ భుజం..." అంది ఆమె. "నేను సరిగ్గా చూశానో లేదో..."

"భలేవారండీ! మీరు చూసి చెప్పాక ఇంక అనుమానమేముందండీ?"

అంత సులువుగా నమ్మేశాడు. ఆమె ఇంకోసారి నోరు తెరిచింది, కానీ అప్పటికే పాడె ఆగింది.

"దించండమ్మా," అన్నాడు.

హైమావతి మోకాలు వంచింది. పరదేశి గొంతు సవరించుకుని, ఎవరో తెలియని మనిషి చెవిలో, ఎప్పటికన్నా హుషారుగా తమ్ముణ్ణి పిలిచాడు.