గడప కింద సున్నం

ఫోన్ మోగే సమయానికి ఏజెంట్ ఒవిరెడు, అల్లం కారం దట్టించి వేయించిన అరటిపండు ముక్కను నోట్లో పెట్టుకోబోతున్నాడు. వండింది అసాబియా. వాళ్ల పెళ్లయి ఇంకా వారం కాలేదు.

"చిలక చెట్టు దిగింది," అన్నాడు అవతల బాస్.

ఆ కోడ్‌కు అర్థం ఒక్కటే. సెలవు రద్దు.

"బాస్, నా హనీమూన్..."

"చిలకతో చెప్పుకో. అసుబోని రైతులు సొంత గోదాం కట్టుకున్నారు కదా, ఇవాళే ప్రారంభం. ఊరి కోకో పంటంతా అందులోనే ఉంది. అది వాళ్లే అమ్ముకుంటే, ఇన్నాళ్లూ చవగ్గా కొన్న విదేశీ ముఠా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. నిన్న ఆ ముఠా ఊళ్లోకి పొడి సున్నం బస్తాలు చేరవేసింది. గోదాం పైకప్పులో దాచారని, ముఠాలో ఉన్న మన మనిషి ఫ్రెమా చెప్పింది. వెళ్లి తీసెయ్."

"సున్నంతో ఏం చేస్తారు బాస్? వెల్ల వేస్తారా?"

లైన్ కట్టయింది.

"వెల్ల కాదు మహానుభావా," అంది అసాబియా. ఆమె కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. "పొడి సున్నం మీద నీళ్లు పడితే పాత బంధాలు తెగి కొత్తవి కట్టుకుంటాయి. తెంచడానికి శక్తి ఖర్చవుతుంది. కట్టుకునేటప్పుడు శక్తి బయటికొస్తుంది. ఇక్కడ ఖర్చు కంటే వచ్చేది చాలా ఎక్కువ. ఆ మిగులంతా వేడే. పక్కన రంపపు పొట్టు, గోనె సంచులు ఉన్నాయనుకో, అంటుకుంటాయి."

"నిన్ను మీ అమ్మ దగ్గర్నుంచి తెచ్చుకోవడానికి నాకూ బోలెడు శక్తి ఖర్చయింది."

"తర్వాత వచ్చిన వేడి తక్కువా?" అంటూ ఆమె నాలుగు ముక్కలు కాగితంలో చుట్టి అతని జేబులో కుక్కింది. "పో. తొందరగా రా."

*

అసుబోనిలో ఒవిరెడు రేడియో విలేకరి వేషంలో దిగాడు. చెమటకు పెట్టుడు మీసం ఒక పక్క ఊడి వేలాడింది. అతని చేతిలో ఆఫీసు ఇచ్చిన పెన్ను ఉంది. ఎక్కడ వేడి దాగి ఉన్నా పట్టేస్తుందట. కాలిపోతున్న రేకుల కింద, దూలాల మధ్య పాక్కుంటూ మూలమూలకూ పెన్ను చూపించాడు. ఎక్కడ చూపించినా ఒకటే అంకె. మోకాళ్లు దోక్కుపోయాయి. సున్నం మాత్రం చిటికెడు కూడా కనబడలేదు.

కింద నుంచి ఫ్రెమా తలెత్తి చూసింది. బంగారు జరీ కెంటే వస్త్రం, నల్ల కళ్లద్దాలు. సగం ఊరు ఆమెనే చూస్తోంది.

"పైనే ఉంది హీరో! ఇంకా వెతుకు!"

"వెతికిన చోటే మూడుసార్లు వెతికాను!"

విసిగిపోయి భార్యకు ఫోన్ చేశాడు. "ఈ పెన్ను దండగ."

"పెన్నుదేం తప్పు? నీళ్లు తగిలేదాకా సున్నం రాయిలా చల్లగానే ఉంటుంది. సున్నాన్ని కాదు, నీళ్లని వెతుకు. అక్కడ ఇవాళ తడి ఎక్కడ పడుతుంది?"

"హర్మటాన్ ఎడారి గాలికి నా పెదాలే పగిలిపోయాయి. ఇక్కడ తడి ఎక్కడుంది..."

కింద డోళ్లు ఆగాయి. ఒవిరెడు రేకు సందులోంచి తొంగి చూశాడు. గడప ముందు, కొత్తగా పోసిన ఇసుక దగ్గర ఊరి పెద్ద నానా నిలబడి ఉన్నారు. పూర్వీకుల పేర్లు చెప్పి, వాళ్ల వంతు మద్యం నేల మీద పోస్తారు. అందులో సగానికి పైగా నీళ్లే. సీసా మూత తీసి ఆయన చేతికిస్తున్నది ఫ్రెమా. ఇచ్చి, గబగబా నాలుగడుగులు వెనక్కి వేసింది.

సున్నం పైకప్పులో లేదు, ఆ ఇసుక కిందే ఉంది; ఫ్రెమా ముఠా వైపే! నిచ్చెన కూడా చూసుకోకుండా దూకాడు.

"నానా! ఆగండి!"

బంగారు పిడి కర్ర అతని ఛాతీకి అడ్డం పడింది. ఆ కర్ర ఒచ్యామెది. నానాకు ఏ మాట చేరాలన్నా ఈ ముసలాయన నోటి మీదుగానే చేరాలి.

"ఎవరి పిల్లాడివిరా నువ్వు? నానాతో తిన్నగా మాట్లాడతావా? చెప్పులు విడువు."

"తాతా, గడప కింద సున్నం..."

"చెప్పులు."

విడిచాడు.

"కూర్చో. నీళ్లు తాగు. ఆ తర్వాత వచ్చిన పని అడుగుతాను, అప్పుడు చెబుదువుగాని."

"అప్పటికి గోదాం ఉండదు తాతా!"

"మా ఇంటికొచ్చిన వాడు నీళ్లు తాగకుండా మాట్లాడటం నేను పుట్టి ఎరగను. ఈ రేడియో వాళ్లకు పెంపకమే లేదు."

జనం నవ్వారు. నానా పెదవులు ముత్తాతల పేర్లు పలకడం మొదలుపెట్టాయి. సొరకాయ బుర్రలో నీళ్లు వచ్చాయి. ఒవిరెడు ఏడుపు మింగుకుంటూ గటగటా తాగాడు. ఊహ తెలిసినప్పటి నుంచి చేసే పనే కాబట్టి, అడుగున మిగిలిన చుక్కలను పెద్దల కోసం చెయ్యి తనంతట తానే నేల మీద వంచేసింది.

వంచింది ఇసుక మీద.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఇసుక బుస్సుమంది. సన్నటి ఆవిరి లేచింది. గడప చెక్క సందులోంచి రంపపు పొట్టు కమిలిన వాసన కొట్టింది.

నానా నోట్లో పేరు సగంలో ఆగింది.

"ఇదే తాతా నేను వచ్చిన పని!" అని అరిచాడు ఒవిరెడు. "నాలుగు చుక్కలకే ఇంత! సీసా పోస్తే పంటంతా బూడిదే!"

ఫ్రెమా కళ్లద్దాలు జారిపడ్డాయి. ఆమె ఒక్క ఉదుటున వచ్చి నానా మోచేతిని కొట్టింది. సీసా వంగింది. ఒవిరెడు మోకాళ్ల మీద జారి, చేతిలోని ఖాళీ బుర్రను ధార కింద పెట్టాడు. చివరి చుక్క అంచు మీద వణికి లోపలికే పడింది.

పారిపోబోయిన ఫ్రెమాను కోకో గింజలు ఆరబోసే ఆడవాళ్లు నేల మీద పడేసి, ఇద్దరు వీపు మీద కూర్చున్నారు.

"జరీ చిరుగుతుందే!" అని ఏడ్చింది ఆమె.

"మా పంట కాలిపోతే మేం ఏం కట్టుకోవాలే?" అంది పైన కూర్చున్నావిడ, ఇంకాస్త బరువు వేస్తూ.

*

సాయంత్రం ఒవిరెడు ఇల్లు చేరాక బాస్ మళ్లీ ఫోన్ చేశాడు.

"శభాష్! పెన్నుకు కూడా చిక్కని సున్నాన్ని ఎలా పట్టావోయ్?"

ఒవిరెడు గొంతు సవరించుకున్నాడు. "నియంత్రిత ప్రయోగం బాస్. చాలా తక్కువ నీటితో, ముందుగా లెక్క వేసుకుని."

పక్కనే కూర్చున్న కెమిస్ట్రీ లెక్చరర్‌కు దగ్గు తెర వచ్చి, ఎంతసేపటికీ ఆగలేదు.