తలుపు చాటు ఇంగ్లీషు

పొద్దున్నే అరుగు మీదికి వస్తూ రామచంద్రం గట్టిగా దగ్గాడు. జలుబు చేసి కాదు. మామ వస్తున్నాడని కోడలికి తెలియడానికి ఆ ఇంట్లో దగ్గే కబురు. మంజులత చీపురు వదిలేసి తలుపు వెనక్కి వెళ్లిపోయింది. ఆమె కాపురానికి వచ్చి రెండేళ్లయినా మామాకోడళ్లు ఎదురుపడి మాట్లాడుకున్నది లేదు. మధ్యలో అత్త నర్సింగమ్మ ఉండనే ఉంది.

రామచంద్రం కల్వకుర్తి కచేరీలో పాత గుమస్తా. ఆయన ఉర్దూ రాత చూసి మెచ్చుకోనివాళ్లు లేరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కాగితాలు ఇంగ్లీషులో దిగసాగాయి. దసరా వెళ్లగానే తాసిల్దారు ముందు ఇంగ్లీషు చదివి చూపించాలి. చదవలేకపోతే కుర్చీ దిగి, ఇన్నాళ్లూ తాను పనులు పురమాయించిన కచేరీ బంట్రోతుల పక్కన స్టూలు మీద కూర్చోవాలి. ఆ తలపుకే ఆయనకు అన్నం సయించడం లేదు.

కొడుకు యాదయ్య బస్సు కండక్టరు. ప్రయాణికులు వదిలేసిన ఇంగ్లీషు పేపర్లు తెచ్చేవాడు. మెట్రిక్ దాకా చదివిన మంజులత తలుపు చాటు నుంచి మొదటి వార్త పైకి చదివి, అర్థం చెప్పి, పేపరు అత్త చేత పంపేది. ఆయన దాని మీద వేలు నడిపిస్తూ పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. మామకు ఇంగ్లీషు పట్టుబడిందని కోడలు మురిసిపోయేది.

ఆ రోజు వార్త నాగార్జునసాగర్ కట్ట గురించి. రామచంద్రం ధీమాగా అందుకున్నాడు. మజ్జిగ తెచ్చిన నర్సింగమ్మ పేపరులోకి తొంగి చూసింది.

"ఏందయ్యా, నువ్వు సదివేది కట్ట ముచ్చటేనా?"

"అవ్. కోడలు చెప్పింది గదే."

"మరి కట్ట బొమ్మ గీ దిక్కుంటే, నీ వేలు గా సబ్బు రుద్దుకునే ఆమె మీద తిరుగుతాందేంది?"

తలుపు చప్పుడైంది. కొంగు నెత్తిన వేసుకోవడం కూడా మరిచి మంజులత బయటికి వచ్చేసింది. వార్త ఎడమ చివర ఉంది. మామ వేలు కుడి చివర సబ్బు ప్రకటన మీద ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచి కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ చదివిన మనిషి, పేజీలో మొదటి వార్త అంటే కుడివైపుదే అనుకున్నాడు. చెవిన పడ్డది నోటికొచ్చింది గానీ ఒక్క మాటా కంటికి పట్టలేదు.

"అత్తా, పక్కన కూసొని చూపియ్యాలె. తలుపు చాటుంటే గిట్లనే అయితది," అంది మంజులత.

"కోడలు మామ పక్కన కూసుంటదా? నలుగురు జూస్తే ఏమంటరు?"

"మామ కుర్చీ పోతే గా నలుగురు తెచ్చిస్తరా?"

"నోరు లేస్తాందే నీకు!"

"లొల్లి బంజేయుండ్రి." రామచంద్రం పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఇగ నాతోని గాదు. నాకు స్టూలే రాసిపెట్టున్నది."

తల్లి పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, ధోవతి అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. నర్సింగమ్మ ఒక్క క్షణం ఆయన వంకే చూసి, లోపలికి వెళ్లి మూడు పీటలు తెచ్చి వేసింది.

"నేను నడుమ కూసుంట. ఎవలేమంటరో అననీ. చెప్పవే, వేలు యాడ పెట్టాలె?"

కోడలు చూపించింది. నర్సింగమ్మ మొగుడి వేలు పట్టుకుని ఎడమ చివరకు లాక్కొచ్చింది. రామచంద్రం మొదటిసారి కోడలి ముఖం చూశాడు.

"గిదేం అక్షరం, బిడ్డా?"

బిడ్డా అన్న ఆ పిలుపుకు మంజులత కళ్లు నిండిపోయాయి. తండ్రి లేని పిల్ల అని రామచంద్రానికి అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్లుగా ఈ పిల్లను దగ్గి లోపలికి తోలుతూ వచ్చాననుకుంటే ఆయనకు సిగ్గేసింది.

రోజూ పొద్దున్నే పీటల మీద పాఠం సాగింది. దసరా వెళ్లింది. పరీక్షనాటి సాయంత్రం రామచంద్రం చెప్పులు విడిచి సరాసరి ఇంట్లోకి వచ్చేశాడు.

"నడుమ నడుమ ఆగిన గాని, చదివిన బిడ్డా! కుర్చీ దక్కింది!"

"దగ్గకుంటనే వస్తివేందయ్యా?" అంది నర్సింగమ్మ.

ఆయన నాలుక కరుచుకున్నాడు. మంజులత కొంగు సర్దుకుంటూ లోపలికి పోబోయింది.

"పోకు బిడ్డా. నిన్నటి పేపరు సగం మిగిలింది," అన్నాడు.

నర్సింగమ్మ అప్పటికే పీటలు వేస్తోంది.