గట్టు దాటిన గుమ్మడి తీగ

ఆ ఏడు వానలు ఎలా కురిశాయంటే, మొక్కజొన్న చేలో కునుకు తీసిన మేక లేచి చూసుకునేసరికి గుమ్మడి తీగ దాని కొమ్ములకి రెండు చుట్లు చుట్టేసింది. నమ్మకపోతే ఆ మేకనే అడగండి.

అలాంటి తీగే ఒకటి తియామికే చేలోంచి గట్టు దాటి, పక్క ఊరి యాంఖో చేలోకి పాకింది. ఆమె చేలో మొక్కజొన్న, దాన్ని పట్టుకుని ఎగబాకే చిక్కుడు, కింద నేల కనపడకుండా గుమ్మడాకు. అతని చేలో మొక్కజొన్నా, కలుపూ.

"ఓయ్, మా చేలో ఏం కోస్తున్నావ్?"

"మా ఆకు."

"మీ తీగకి వీసా ఉందా?"

"నీ కలుపుని అణిచిపెడుతోంది. ముందు దానికి కూలి ఇయ్యి!"

అప్పట్నుంచి రోజూ అదే వరస. ఆమె కూరకి లేత కొసలు తుంచుకోవడానికి వచ్చేది, అతను తగాదాకి కాచుకుని కూర్చునేవాడు. తగాదా లేని పూట అతనికి ముద్ద దిగేది కాదు.

ఒకరోజు నోరు జారాడు. "మట్టి నాది. సగం ఆకు ఇక్కడ పెట్టి కదులు."

తియామికే మొహం ముడుచుకుంది. "అంత కష్టంగా ఉందా? రేపు మావయ్యని తెచ్చి తీగ పీకించేస్తా. మళ్లీ నీ గట్టు తొక్కితే ఒట్టు!"

యాంఖో నాలిక్కరుచుకున్నాడు. తీగ పోతే ఆమె రాదు.

మర్నాడు చిసాలే మావయ్య వచ్చాడు. తియామికే ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లు కుదిర్చేది ఆయనే. తీగ మీద చెయ్యి వేశాడో లేదో, యాంఖో అడ్డం పడ్డాడు.

"పీకొద్దు మావయ్యా! తప్పు దానిది కాదు. రోజూ పొద్దున్నే కొసలు ఇటు తిప్పుతోంది నేనే."

మావయ్య తీగ మొదలు వెతుక్కుంటూ వెళ్లాడు. అందరూ గుమ్మడి గింజ చేను నడుమ పెడతారు. ఇది సరిగ్గా గట్టు అంచున మొలిచింది.

"ఇక్కడ నాటిందెవరే?"

తియామికే ఆకాశంకేసి చూసింది. "వానొచ్చేలా ఉంది మావయ్యా."

"వస్తే రానీ. చెప్పు."

"...నేనే."

"అటునుంచి వీడు లాగాడు, ఇటునుంచి నువ్వు తోశావు. పీకడానికి నేను దొరికానా!" మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, మన దగ్గర కాపురానికి గట్టు దాటాల్సింది మగాడు. పెళ్లి మాట ఖాయం చెయ్యడానికి మీ మావయ్యకి పుంజునిచ్చి పంపు. మార్చుకోడానికి మా పెట్ట సిద్ధం."

చినుకులు మొదలయ్యాయి. యాంఖో ఒక్క దూకులో గట్టు దాటి, తన పనితనం చూపిద్దామని కలుపు కోసం వెతికాడు. ఒక్క పరక దొరికితేనా!

"ఇక్కడ కలుపుండదులే, పాపం" అంటూ తియామికే ఆకుల గంప అతని ఒళ్లో పెట్టింది. "కూర్చుని పీచు తియ్యి. పల్లీల పొడేసి వండుతా."